టీపొడితో తూచిన తుపాకిమందు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. ఎడమవైపు మీసం, సగం. కళ్ళజోడు ఒకటి. కొత్త లుంగీ ఒకటి, పోయేముందు రెండయింది. టీపొడి అరకిలో. ఎడమ చెవి వినికిడి, మూడు రోజులు. ఇన్నీ ఒకే ఒక్క కొలత దెబ్బకు పోయాయి. కొలిచింది నేనే. తప్పు జరగడానికి వీల్లేదని నలుగురి ముందూ చెప్పిందీ నేనే.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. హిందూపురం చింతపండు మార్కెట్లో కాటా దగ్గర తూకాలు రాసేవాణ్ణి. చదువు పదో తరగతి గడప దగ్గరే ఆగిపోయింది గానీ, లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. గురువు లేని చదువులో ఒక సుఖముంది: తప్పని చెప్పేవాడు ఉండడు.

పెళ్ళయిన కొత్తలో చిలమత్తూరు దగ్గరున్న అత్తవారి ఊరికి వెళ్ళాను. మా మామ నారాయణప్పకు నాలుగెకరాల వేరుశనగ. వరసగా ఎండిన పంటల తర్వాత ఆ ఏడే నాలుగు కాయలు చేతికొచ్చేలా ఉన్నాయి. ఆ సంగతి మాకెంత తెలుసో అడవిపందులకూ అంతే తెలుసు. పొద్దు గూకేసరికి గుంపుగా దిగేవి. వాటిని బెదరగొట్టడానికి మామ దగ్గర లైసెన్సు తుపాకీ ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన గుడ్డపీలిక కూరి పేల్చే పాతకాలపుది. గుండు వేసేవాడు కాదు, ఉత్త చప్పుడే. మందు కొలిచేది పాత టార్చిలైటు అడుగు మూతతో. నేను వెళ్ళిన రోజే ఆ మూతను ఎద్దు తొక్కి అప్పడం చేసింది.

మామ ఆ అప్పడాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఇంగేం గతప్పా? మందు తక్కువైతే పంది నవ్వుతాది, ఎక్కువైతే ఊరు లేస్తాది. లైసెన్సు తిరగరాయడానికి ఇచ్చినా. ఈ టయాన ఎవురన్నా పోయి స్టేషన్లో నోరు తెరిస్తే తుపాకి పాయె. తుపాకి పాయెనంటే పంట పాయె."

"నేనుండాను గదా మామా. కొలత సంగతి నాకొదిలెయ్."

ఆ క్షణంలో ఏ ఈగో నా నోట్లో దూరి ఉంటే ఎంత బాగుండేది!

ఊళ్ళో కంసాలి దగ్గర చిన్న తక్కెడ, గుప్పెడు గురిగింజలు అరువు తెచ్చాను. మామ ముందే కొలిచి కట్టుకున్న మందు పొట్లం ఒక్కటి మిగిలింది. దాన్ని తూచి, సరితూగిన గురిగింజలను వేరే పెట్టాను. ఇక ఆ బరువును ప్రతిసారీ ఒకేలా పోసే కొలత ఏదో తేల్చాలి. బరిలో ముగ్గురు: అత్త చెంచా, దగ్గుమందు సీసా మూత, పశువుల డాక్టరు వదిలిపోయిన పెద్ద సిరంజి. సిరంజి ముక్కు కోసేస్తే, లోపలి కాడను లాగి లోతు ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు.

"మందు డబ్బా ఇయ్యి మామా, పరీక్ష చేస్తా."

"ఇంట్లోనా? ఈడ పొయ్యి ఉండాది, బీడీలు తాగేటోళ్ళుండారు. మందుతో ఆటలేంది?"

ఆయన మాట న్యాయమే. అందుకే అత్త టీపొడి డబ్బా దించాను. నల్లగా, పలుకులు పలుకులుగా, అచ్చం మందులాగే ఉంది. నా జాగ్రత్తకు నేనే మురిసిపోయాను.

నిజం చెప్పొద్దూ, ఆ మధ్యాహ్నం నా జీవితంలోని గొప్ప మధ్యాహ్నాల్లో ఒకటి. చెంచా మీద గుట్ట రాజకీయ నాయకుడి మాటలా పూటకోలా ఉంది. సీసా మూతను తట్టితే పొడి అణుగుతుంది, తట్టకపోతే ఉబ్బుతుంది. ఎందుకబ్బా అని చూస్తే, పలుకుల సందుల్లో దూరిన గాలి కూడా కొలతలో వాటా తీసుకుంటోంది! సిరంజిలో మాత్రం ఒకే ఎత్తు నుంచి పోసి, తట్టకుండా, పైన కాగితంతో గీరేస్తే తక్కెడ ముల్లు నిద్రపోయినట్టు నిలిచింది. గురిగింజలకు సరితూగిన చోట సిరంజి మీద కాల్చిన సూదితో గీత గీశాను.

అత్త గుమ్మంలోంచి చూసింది. "అల్లుడా, ఆ టీపొడి తూచేదానికేనా, తాగేదానికేమన్నా మిగిలిస్తావా?"

"అంతా అట్లే ఉండాది అత్తా, గింజ పోలేదు."

"ఎనుముల సూదిలో ఆడినదాన్ని నేను తాగల్లా?" అని మొత్తం పెంటదిబ్బ మీద పారబోసింది.

సాయంత్రం మామా నేనూ మంచె ఎక్కాం. నేను సిరంజితో మందు కొలిచి గొట్టంలో పోశాను. మామ కళ్ళు చిట్లించాడు.

"ఏమప్పా, జాస్తి ఉన్నట్టుండాదే?"

"గురిగింజల లెక్క మామా. ఒక గింజ అటు ఇటు కాదు."

"నా కంటికి జాస్తిగానే కనపడతాండాది."

"కంటికేం తెలుసు మామా? తక్కెడకు తెలుసు."

అంతలో చేలో గుర్రుగుర్రుమని చప్పుడు. పందులు దిగాయి. "సరే, పైకి పెట్టి పేల్చు" అన్నాడు మామ. పేల్చాను.

గింజ కొంచెం, మోత ఘనం. ఆకాశం కుండలా పగిలింది. మంట వచ్చి నా మీసాన్ని పలకరించి పోయింది. తుపాకీని మామ ఒడిసి పట్టుకున్నాడు, నన్ను ఎవరూ పట్టుకోలేదు. మంచె మీంచి పడి, కళ్ళజోడు ఎటో ఎగిరి, లుంగీ రెండుగా చీలి, కంపచెట్ల కంచెలో లేచి కూర్చునేసరికి పందులు కర్ణాటక దాటి ఉంటాయి. పైన మామ నోరు తెరుస్తూ మూస్తూ చేపలా కనిపించాడు. వినబడకపోవడం వల్ల ఆయన మీద గౌరవం ఇప్పటికీ అలాగే ఉంది.

తెల్లారి తోటలో, చెట్టు నీడన, అదే సిరంజితో అసలు మందునే కొలిచి తూచాను. గురిగింజలు వేస్తున్నాను, వేస్తున్నాను, తక్కెడ లేవదు. దాదాపు రెండింతలు! టీపొడి తేలిక, మందు బరువు. టీపొడిని ఆ బరువుకు తూగించాలని లోతు పెంచుకుంటూ పోయాను. ఆ లోతు నిండా మందు పోశాను. చూడండి, మిరపకాయల మూటా చింతపండు మూటా ఒకే సైజున్నా ఒకే బరువు తూగవని రోజూ రాసే కాటా గుమాస్తాని నేను!

మామ పాత బరువుకు సరిగ్గా కొత్త గీత గీయించి, సిరంజి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే పక్కింటి మాబున్నక్క గంపతో వచ్చింది. గాజులమ్మే మనిషి. గంపలో పదమూడు గుడ్లు.

"నారాయణన్నా, పొదుగు మీదున్న కోడి నిన్న ఆ మోతకు లేచి ఇంటి మీదికెక్కింది. పొద్దున దాకా దిగలే. గుడ్లన్నీ చల్లబడి సచ్చినాయి. ఉరుముకైతే గుడ్లు చెడకుండా గంపలో ఇనపమొల పెడతాం. నీ అల్లునికి ఏం పెట్టాలన్నా?"

"అయ్యో మాబున్నీ, పిల్లోడు తెలీక..."

"ఊర్లో తేలకపోతే స్టేషన్లోనే అడుగుతా."

మామ చేతులు జోడించాడు. "స్టేషను మాట ఎత్తద్దు తల్లీ. ఏం కావాలో చెప్పు, ఇస్తాం."

అక్కడ నేను ఊరుకోవాల్సింది. కానీ లెక్క నా చెవిన పడింది, అదీ వినబడే చెవిన.

"ఉండు మామా, న్యాయంగా లెక్కేద్దాం. అక్కా, పదమూడులో మూడు మురిగేవి. పదిలో నాలుగు గద్దకూ పిల్లికీ పోయేవి. నీకు మిగిలేది ఆరు!"

"ఆరేనా?" అంది మాబున్నక్క నీరసంగా.

"ఆరే. అందులో మూడే పెట్టలు." ఇక్కడితో ఆగి ఉంటే ఆరుతో పోయేది. కానీ లెక్క ముందుకు నడుస్తోంది, అందంగా ఉంది, నేను దాని వెంట నడిచాను. "ఆ మూడూ ఏడాదికి రెండేసి మార్లు పొదుగుతాయి. మారుకు ఆరు బతికినా... ముప్పై ఆరు! పాతవి ఆరు కలుపుకో. ఏడాది తిరిగేసరికి నలభై రెండు కోళ్ళక్కా!"

మామ చెయ్యి నా నోటి మీదికి వచ్చింది గానీ, ఆలస్యమైంది.

"నేను పదమూడు పిల్లల్ని అడగల్లని వస్తి," అంది మాబున్నక్క గంప ఎత్తుకుంటూ. "అల్లుడే నలభై రెండంటే కాదంటానా? లెక్క తెలిసినోడు!"

లైసెన్సు వచ్చింది. పందులు మళ్ళీ రాలేదు, పంట ఇంటికి చేరింది. మామ నన్ను మంచె ఎక్కనివ్వలేదు. అప్పటినుంచి అత్తవారింటికి పోయిన ప్రతిసారీ సంచిలో నాటుకోడి పెట్ట ఒకటో రెండో ఉంటుంది. మాబున్నక్క దాన్ని తలకిందులు చేసి, ఈకలు ఊది, ముక్కు చూసి, "ఇది ముసల్ది, లెక్కలోకి రాదు" అని సగంసార్లు తిప్పి పంపుతుంది.

కాబట్టి నా తక్కెడ మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట ఒకదాని బరువు తేల్చడానికి ఇంకొకదాన్ని కొలవను. బాధితుల ఎదుట గుణకారం చెయ్యను. నష్టపోయినవారు అడగకముందు నోరు తెరవను.

ఇచ్చినవి ముప్పై ఒకటి. ఇవ్వాల్సినవి ఇంకా పదకొండు.