చుక్క చప్పుడు వినే బుచ్చయ్య

బుచ్చయ్యకు ఎక్కడ నీటిచుక్క కారినా వినబడుతుంది. శంషాబాద్‌లో మా అపార్ట్‌మెంటు విమానాలు దిగే దారి కింద ఉంది. నెత్తిమీద విమానం పోతుంటే మేం చేతులతో మాట్లాడుకుంటాం. అప్పుడు కూడా ఆయన ఆగి, చెవి ఒగ్గి, "మూడో అంతస్తుల నల్లా కారుతున్నది" అంటాడు. వెళ్లి చూస్తే కారుతూనే ఉంటుంది.

ఈ స్థలం ఒకప్పుడు ఆయన పొలం. బిల్డరుకిచ్చి రెండు ఫ్లాట్లు తీసుకున్నాడు. జేబులో పానాతో తిరుగుతూ ఏ తలుపైనా తట్టి, "జర బాత్రూం సూపియ్యి బిడ్డా" అంటాడు. కొత్తగా దిగిన మనీషా భయపడి వాచ్‌మన్‌ను పిలిచింది. అతను పరుగెత్తుకొచ్చి, "బాపు, ఈడ అయినంక మా గేటుకాడి నల్లా సూడు" అన్నాడు.

నేను అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిని. మాది గ్రీన్ బిల్డింగ్ అని సర్టిఫికెట్ ఉంది. దానివల్ల మనకేమిటని ఎవరైనా అడిగితే నలభై నిమిషాలు చెబుతాను. వాడిన నీరు శుద్ధిచేసి మొక్కలకు పెడతాం, వరండా దీపాలు ఎండతో వెలుగుతాయి, ఇంటింటికీ నీటి మీటరుంది, ప్రతి షవర్లోనూ ధార సన్నబడేలా చిన్న బిళ్ల ఉంది... బుచ్చయ్యనడిగితే, "ఉన్న నీళ్లు అందరికి సరిపోవాలె, గంతే" అంటాడు. జనం ఆయన్నే అడిగేవారు.

ఈ వేసవిలో సర్టిఫికెట్ పొడిగించే తనిఖీ దగ్గరపడింది. చూస్తే మా నీటి వాడకం హద్దు దాటింది. నేను సమావేశం పెట్టి గొంతు సవరించుకున్నాను.

"అందరికంటే ఎక్కువ వాడినవాళ్ల పేరు ఎర్ర అక్షరాలతో లిఫ్టు దగ్గర అంటిద్దాం. సిగ్గొస్తేనే మారతారు."

అందరూ చప్పట్లు కొట్టారు. మీటర్లు చూసి రాసుకొచ్చే పని బుచ్చయ్యకు అప్పగించాను. మూడు రోజులైనా కాగితం రాలేదు.

"చీటీ తడిసిపోయింది సార్" అన్నాడు.

"చుక్క పోనివ్వని మీ దగ్గర చీటీ తడిసిందా బుచ్చయ్యగారూ?" అని నలుగురిలో గద్దించాను. ఆయన తలవంచుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నేను ఇంటికెళ్లేసరికి ఆయన మా బాత్రూంలో స్టూలెక్కి షవర్ విప్పుతున్నాడు. మా ఆవిడ కావేరి చాయ్ పెడుతోంది. ఆ షవర్లో బిళ్ల లేదు. రెండేళ్ల కిందట నేనే పీకేశాను. నీటి పొదుపు మీద ఉపన్యాసమిచ్చి వచ్చాక ఒళ్లంతా చెమట, సన్నధార నాకు చాలేది కాదు.

"అందరికంటే ఎక్కువ మేమేనా?" అన్నాను మెల్లగా.

ఆయన బిళ్ల బిగించి, దిగి, చీటీ నా చేతిలో పెట్టాడు. అది పొడిగా ఉంది. మొదటి పేరు నాదే.

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"ఇంట్లకు రానిచ్చి చాయ్ తాపినోళ్ల ముచ్చట లిఫ్టుకాడ అంటిస్తమా సార్?"

ఆలోచిస్తే, ఆయన చూడని ఇల్లు మా అపార్ట్‌మెంటులో లేదు. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో అన్న పాపాన పోలేదు.

మరునాడు పొద్దున్నే లిఫ్టు దగ్గర ఒక్క పేరుతో కాగితం అంటించాను. ఎర్ర సిరా, నా చేతిరాత, చేసిన పని కూడా రాశాను. సాయంత్రానికి దాని కింద ఇంకో ఆరు పేర్లు చేరాయి. ఐదో అంతస్తు లక్ష్మణ్ అయితే, "నావి రెండు షవర్లు" అని గీత గీసి మరీ రాశాడు.

తనిఖీ నాటికి వాడకం హద్దులోకి వచ్చింది. ఆ ఆరిళ్లకూ బుచ్చయ్య పానా పట్టుకుని వెళ్లాడు. వెనకాల స్టూలు మోసింది కార్యదర్శిగారే.