అడ్డంగా పడుకున్న ఎనిమిది

కెనడాలోని విన్నిపెగ్‌లో మా బేస్‌మెంట్ ఓనర్ అంకుల్ ఒకప్పుడు లెక్కల లెక్చరర్. అనంతానికి గుర్తు పెట్టింది పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ గణితవేత్త అనీ, ఆయన దారి వేయకపోతే కాల్‌క్యులస్ పుట్టేదే కాదనీ అద్దెకొచ్చిన ప్రతి స్టూడెంట్‌కీ చెప్పేవాడు. చెబుతూ గాలిలో వేలితో ఎనిమిదిని అడ్డంగా గీసేవాడు.

ఆ వేలు చూస్తే నాకు ఒళ్ళు మంట. కాళ్ళు చాపుకోవడానికి చోటులేని మా గదిలోకి ఇంకో పరుపు ఈడ్చుకొచ్చినప్పుడల్లా అదే గీత. "ఇన్ఫినిటీకి ఒకటి కలిపినా ఇన్ఫినిటీయే కదమ్మా. అడ్జస్ట్ అవ్వండి."

చివరికి సూట్‌కేసు సర్దేశాను.

"ఒకటి తీసేసినా ఇన్ఫినిటీయే కదా అంకుల్. నేను వెళ్తున్నా."

"కరెక్టే," అని నవ్వి తలుపు తెరిచాడు. బయట మంచులో కొత్తమ్మాయి సూట్‌కేసుతో నిలబడి ఉంది. ఆయన వేలు అప్పటికే పైకి లేచింది.