మెల్లగా దిగాల్సిన అణువులు

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది. గోదావరిఖని దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. షబానా అనే పరిశోధకురాలు అక్కడ పెద్ద పెద్ద అణువులను చెక్కుచెదరకుండా లోహపు పలక మీద దించే పని చేసేది. ఆ పనిని ఆమే చెడగొట్టిందని ఇవాళ్టికీ చెప్పుకుంటారు. అబద్ధం. అది విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. నేను నోరు మూసుకోవడం వల్లే అది నిలబడింది కాబట్టి ఇంకా మండుతుంది.

ప్రోటీన్ లాంటి పెద్ద అణువును వేడిచేసి ఆవిరి చేయబోతే ముక్కలైపోతుంది. అందుకని దాన్ని ద్రావకంలో కలిపి సన్నని సూదిలోంచి పంపుతూ, సూదికి వేల వోల్టుల విద్యుత్తు ఇస్తారు. సన్నటి తుంపర లేస్తుంది. దాన్నే ఎలక్ట్రోస్ప్రే అంటారు. తడి ఆరిపోయాక విద్యుదావేశంతో మిగిలిన అణువులను వాక్యూమ్ ఛాంబర్‌లోకి, అంటే గాలి తోడేసిన పెట్టెలోకి లాగుతారు. అవి పలకను గట్టిగా గుద్దుకోకుండా పలకకు ఎదురు వోల్టేజి పెడతారు. అది ఎక్కువైతే అణువులు వెనక్కి మళ్లుతాయి, తక్కువైతే పగులుతాయి. షబానా సరిగ్గా అంచున పెట్టేది. అప్పుడు దిగేవి కొద్దే. ఎన్ని దిగుతున్నాయో చూపే మీటరు మీద రీడింగ్ ఉందా లేదా అన్నట్టుంటుంది.

"ఇంత నిమ్మలంగనా మేడం?" అన్నాను ఒకసారి.

"తట్టలకొద్ది బొగ్గు పోసుడు కాదన్నా ఇది. కోడిగుడ్లు దించుతున్నం అనుకో," అని నవ్వింది.

పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగగానే మేం పలక మీది అణువులను చూసే మైక్రోస్కోపు పని ఆపి చాయ్‌కి పోయేవాళ్లం. నేల అదిరితే బొమ్మ చెదురుతుంది. స్ప్రే మాత్రం నడుస్తూనే ఉండేది. ఒకరోజు అలాగే షబానా చాయ్‌కి వెళ్లింది, నేను గాలి తోడే పంపు చూస్తూ ఆగాను. అంతలో డైరెక్టర్, నిధులిచ్చే కమిటీని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన గనుల్లో ఆఫీసరుగా రిటైరైన మనిషి. మీటరు చూసి మొహం చిట్లించాడు.

"ఏందయ్యా, గింతేనా ప్రొడక్షన్? పెద్దమనుషుల ముంగట ఇజ్జత్ తీస్తవా? జర పెంచు."

"మేడంను రానీయుండ్రి సార్. పెంచితే అణువులు పగుల్తయి."

"జీతం మేడం ఇస్తుందా నీకు? పెంచు!"

ఎదురు వోల్టేజి తగ్గించాను. రీడింగ్ ఒక్కసారిగా ఎగిరింది. కమిటీ చప్పట్లు కొట్టింది. వాళ్లు పోగానే మళ్లీ మొదటి చోటికే తిప్పి పెట్టాను. షబానా తిరిగొస్తే ఒక్క మాట చెప్పలేదు.

మర్నాడు కమిటీ ముందే ఆ పలకను మైక్రోస్కోపు కింద చూశారు. నిండు అణువులు ఉండాల్సిన చోట ముక్కలు.

"బ్లాస్టింగ్ టైమ్‌ల మిషన్ నడిపింది. అదురుకు పగిలినయ్," అన్నాడు డైరెక్టర్, నదురూ బెదురూ లేకుండా.

అందరూ నమ్మారు. ఇక్కడ గోడ బీటలు వారినా, బోరు ఎండినా బ్లాస్టింగే అంటాం. చాలాసార్లు నిజమే కూడా. కానీ నేల అదిరితే బొమ్మ చెదురుతుందే తప్ప అణువు పగలదు. షబానా అదే చెప్పింది.

"అదురుకు పగలయి సార్. ఎవరో వోల్టేజి మార్చిన్రు."

అని నావైపు చూసింది. నేను పంపులో ఆయిల్ చూస్తున్నట్టు వంగాను. అంత సిగ్గులేకుండా వంగాను. ప్రాజెక్టు రద్దయింది, ఆమె ఉద్యోగం పోయింది. డైరెక్టర్ కుర్చీ మాత్రం కదల్లేదు.

ఈమధ్య పెద్దపల్లి బస్టాండులో షబానా కనిపించింది. జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోందట. జరిగిందంతా చెప్పి, తప్పయిందన్నాను.

"నాకెందుకు చెప్తున్నవన్నా? నేను చెయ్యలేదని నాకెరుకే. ఎరుకలేనోళ్లకు చెప్పు."

మర్నాడే వెళ్లి డైరెక్టర్‌కు చెప్పాను, కమిటీకి నిజం చెప్పమని. "అయిపోయిన ముచ్చట. పోయి పని చూసుకో," అన్నాడు. ఆ పని మానేసి వచ్చాను.

మీటరు పెరిగితే పని జరిగినట్టు కాదని అంతకుముందే తెలుసు. తెలిసి నోరు విప్పని వాడి చేతికి ఏ యంత్రమూ ఇవ్వకూడదని ఇప్పుడు తెలిసింది.

ఆనాటి కమిటీవాళ్లు ఇది చదివితే వినండి. మీరు చప్పట్లు కొట్టింది అణువులు పగులుతున్నప్పుడు. పగలగొట్టింది నా చెయ్యి. షబానా అప్పుడు గదిలో లేదు.