ఏ ఫైల్లోనూ లేని ఫంక్షన్

దెయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. కవిటిలో కొబ్బరితోటల మధ్య పుట్టినవాణ్ణి. ఫలానా తోటలో ఫలానావాడు కనిపించాడని చెప్పేవాళ్లను ఏడిపించేవాణ్ణి. ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాక ఆ పొగరు ఇంకా పెరిగింది. తప్పు ఎక్కడో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, అంతే. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. కానీ ఇది జరిగింది.

రెండు వేల ఆరో, ఏడో. పలాసలో ఒక చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. రెండు డయాలసిస్ మిషన్లు, ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చే రోగులు. ఎవరికి ఏ రోజు, ఏ మిషన్ అనేది ఒక ప్రోగ్రాం తేల్చేది. దాన్ని లిస్ప్ అనే భాషలో రాసింది మా అప్పన్న మావ. ఆయన కూడా అక్కడి రోగే. ఒక చేతికి సూదులుంటే రెండో చేత్తో టైపు చేసేవాడు.

ఆయనకో చెడ్డ అలవాటు. నడుస్తున్న ప్రోగ్రాంని సాయంత్రం మెమరీతో సహా ఉన్నదున్నట్టు డిస్కులో దాచేసి, పొద్దున్న మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టేవాడు. ఫైళ్లన్నీ పేర్చి ప్రోగ్రాంని మొదటి నుంచి కట్టడమన్నది ఏళ్ల తరబడి లేదు. "మావా, ఏ ఫైల్ ముందు మెమరీలోకి ఎక్కాలో, ఏది దేనిమీద ఆధారపడిందో ఒక చోట రాసిపెట్టు" అని పోరేవాణ్ణి.

"నేనుండగా నీకేటి బెంగ, అల్లుడూ?" అనేవాడు.

రాయకుండానే పోయాడు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే.

మరుసటి ఏడాది ఒక సోమవారం పొద్దున్న ఆ డిస్క్ చచ్చింది. దాచిన మెమరీ దానితోనే పోయింది. కొత్త డిస్క్ బిగించాను. మిగిలింది సీడీలో ముప్పై ఎనిమిది ఫైళ్లు. మధ్యాహ్నం రెండింటికల్లా జాబితా కావాలి. కామెర్ల వైరస్ ఉన్నవాళ్లను వేరే మిషన్ మీదే వేయాలి, చేత్తో రాస్తూ పొరబడితే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకుంటుంది. అందుకే డాక్టరు నన్ను వదల్లేదు.

వరండాలో గోల భరించలేక కంప్యూటర్ గది షట్టర్ కిందికి లాగాను. నేలకు జానెడు ఎత్తులో ఇరుక్కుపోయింది. పైకి రాదు, కిందికి పోదు. గదికి కిటికీ కూడా లేదు. నర్సు మరియమ్మ బయట నుంచి గుంజి చూసింది. "వెల్డింగాయన కాశీబుగ్గ నుంచి రావాల బాబూ. సాయంత్రమైపోద్ది. నువ్వు పని సూసుకో" అని, టీ గ్లాసు కింద నుంచి తోసింది.

నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. ఊపిరాడలేదు. తెర మీదా అదే గతి. రోగుల ఫైల్‌కి ముందు వంతుల ఫైల్ ఎక్కాలట, వంతుల ఫైల్‌కి ముందు రోగుల ఫైల్ ఎక్కాలట. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. మూడు గంటలు ఎటు తిప్పినా తిరిగి అక్కడికే వచ్చాను.

చివరికి రెండింటికీ కావాల్సిన పేర్లను వేరే ఫైల్లోకి విడదీసి, దాన్ని అన్నిటికన్నా ముందు పెట్టాను. ముడి వీడింది. ఒకే ఒక్క హెచ్చరిక మిగిలింది. వంతుల ఫైల్ 'ఆగలేనివాళ్లు' అనే ఫంక్షన్‌ని పిలుస్తోంది. పేరును బట్టి అది వంతు దాకా ఆగలేని రోగులను ముందుకు తెచ్చే కోడ్ ముక్క, కానీ ఎక్కడా రాసి లేదు. అన్ని ఫైళ్లూ వెతికాను. మావ దాన్ని నేరుగా మెమరీలో టైపు చేసి ఉంటాడు. అంటే డిస్కుతోపాటే పోయింది. ప్రోగ్రాం అక్కడికి రాగానే ఆగిపోవాలి. చూద్దామని నడిపాను.

ఆగలేదు. జాబితా వచ్చేసింది. మొదటి పేరు చిన్నమ్మడు. మావ భార్య, మా అత్త. ఆవిడదీ అదే జబ్బు, కానీ వంతు బుధవారం. ఆ రోజు ఊరికే మాత్రల కోసం వచ్చి వరండాలో కూర్చుంది.

ప్రింటర్ ఉండేది బయట, నర్సుల బల్ల మీద. ఆ పేరు ఎందుకొచ్చిందో వెతుకుతూ అరగంట పోగొట్టాక గానీ జాబితా అక్కడ అచ్చయిపోయిందని తట్టలేదు. నేను షట్టర్ బాదుతూ, "మరియమ్మా, ఆ కాగితం తప్పు, అత్తని ఎక్కించకండి" అని అరిచాను.

"ఎక్కించేసినాం బాబూ. వంతు మారిందేటని డాక్టరుగోరు ఈసీజీ తీయించినారు. అది సూసి కంగారు పడిపోనారు."

కాసేపటికి డాక్టరే వచ్చి షట్టర్ దగ్గర వంగాడు. రక్తంలో పొటాషియం గుండె ఆగిపోయేంతగా పెరిగిపోయిందని, బుధవారం మాట అటుంచి ఆ రాత్రి దాటడమే కష్టమయ్యేదని చెప్పాడు.

సాయంత్రం షట్టర్ కోసి నన్ను బయటికి తీశారు. అత్త అప్పుడు ఒప్పుకుంది. "నిన్న తోటలో కాయ దింపినారు. దాహమేసి రెండు బొండాలు తాగీసినాను. ఎవలికీ సెప్పనేదు." కొబ్బరినీళ్ల నిండా పొటాషియమే, మా రోగులకు అవి విషం. ఆ సంగతి అత్తకీ తెలుసు. ఆ నీళ్లు తాగిందని మాత్రం ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. కంప్యూటర్‌కి తెలిసే దారే లేదు.

మర్నాడు అదే ప్రోగ్రాం, అవే ఫైళ్లు మళ్లీ నడిపాను. 'ఆగలేనివాళ్లు' అనే ఫంక్షన్ లేదంటూ ఆగిపోయింది. ఎన్నిసార్లు నడిపినా అంతే. పాతదేదో ఎక్కడో మిగిలి ఉంటుందని స్నేహితులన్నారు. డిస్క్ కొత్తది. సీడీ నా చేత్తో పెట్టాను. తర్వాత డాక్టరు చెప్పినట్టు ఆ ఫంక్షన్ నేనే రాశాను, ఏ ఫైల్ ముందో ఏది వెనకో కూడా రాసిపెట్టాను. ఆ జాబితా కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ సోమవారం ఆ పేరు ముందు పెట్టిందేమిటో నాకు తెలియదు.

ఇదంతా అత్తకి చెప్పాను. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నేనుండగా నీకేటి బెంగ అని నాతో కూడా అనీవోడు" అంది.