పౌరుని బాధలు

ఆసుపత్రి లాండ్రీలో ఆమె అసలు పేరు తెలిసింది జీతాల గుమస్తా ఒక్కడికే. మిగతా అందరికీ ఆమె మైకక్క. ఉతుకు యంత్రాలన్నీ ఒకేసారి దడదడలాడుతున్నా ఆమె ఎవరిని కడిగిపారేస్తోందో గోడ అవతలికి కూడా స్పష్టంగా వినిపిస్తుంది. మాసిన మూటల్లో సూదులు వదిలేసిన వార్డుబాయి ఒక్కసారి ఆమె నోట్లో పడ్డాడంటే మళ్ళీ ఆ తప్పు చెయ్యడు. ఆమె పని వేడి రోలరు దగ్గర. తడి దుప్పటి కొసలు చెరోవైపు ఇద్దరు పట్టుకుని, బిర్రుగా లాగి లోపలికి అందిస్తే, అవతల ఇస్త్రీ అయి వస్తుంది. భర్త సరుకు లారీ ఎక్కాడంటే ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. ఇంటి బరువూ కూతురి చదువూ ఆమె నెత్తినే పడ్డాయి.

కూతురు హైస్కూలు ఆఖరి ఏడు చదువుతోంది. అదే ఆసుపత్రిలో నర్సింగ్ శిక్షణకు సీటు ఇస్తామన్నారు. హైస్కూలు సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే చాలు. మైకక్క కాళ్ళు నేల మీద నిలవలేదు.

"నేను ఇస్త్రీ చేసిన దుప్పటి రేపు నా కూతురు వార్డులో రోగి మంచం మీద పరుస్తుంది, చూస్తూ ఉండండి!" అని లాండ్రీ అంతా చాటింది.

సరిగ్గా ఆ ఏడే, ఏ మహానుభావుడికి పుట్టిన బుద్ధో గానీ, కొత్త నిబంధన ఒకటి వచ్చిపడింది. మిగతా అన్నిట్లో ఎంత బాగా చదివినా, పౌరశాస్త్రం పరీక్ష గట్టెక్కనిదే సర్టిఫికెట్ ఇవ్వరట. పిల్లలు మంచి పౌరులు కావాలట. అప్పటిదాకా తన పీరియడ్‌ను లెక్కల మాస్టారు ఎత్తుకుపోతుంటే కిక్కురుమనని పౌరశాస్త్రం మాస్టారుకు ఒక్కసారిగా కొమ్ములు మొలిచాయి. ఇన్నేళ్ళూ తనను పూచికపుల్లలా చూసిన పిల్లల బతుకులు ఇప్పుడు ఆయన ఎర్ర కలం కింద ఉన్నాయి. ఆయన పాఠం చెప్పిందీ లేదు, పాడూ లేదు. జవాబులు బోర్డు మీద రాసి బట్టీ పట్టమన్నాడు. ఎవరైనా "ఎందుకు సార్?" అని చెయ్యెత్తితే బెంచీ ఎక్కించాడు. పౌరులను అలా తయారు చేస్తారన్నమాట.

పరీక్ష రోజు ప్రశ్నపత్రం జిరాక్సు కాగితం. సిరా సరిగా అంటక సగం అక్షరాలు తేలిపోయాయి. ఆఖరి పెద్ద ప్రశ్న, పౌరుని బాధ్యతలను వివరింపుము. గంట కొట్టేస్తారన్న కంగారులో పిల్ల కంటికి అది పౌరుని బాధలుగా ఆనింది. ఇంతసేపటికి తనకు తెలిసింది ఒకటి అడిగారు కదా అని సంబరపడి పేజీ నిండా రాసేసింది. ఆ ప్రశ్నకు సున్నా పడింది. దాంతో పరీక్షా పోయింది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే!" అని మైకక్క కూతుర్ని ఇల్లెగిరిపోయేలా కేకలేసింది. మర్నాడు షిఫ్టు దిగీ దిగగానే, తడి ఆరని చీరతోనే పిల్లను వెంటబెట్టుకుని బడికెళ్ళింది. పిల్లను వరండాలో నిలబెట్టి స్టాఫ్‌రూమ్‌లోకి నడిచింది.

"ఒక్క ముక్క తప్పు చదివింది మాస్టారూ. దానికి ఏడాది చదువు నేలపాలు చేస్తారా?"

"ఒక్క ముక్కా? మీ అమ్మాయి ఏం ఘనకార్యం చేసిందో వినండి" అంటూ ఆయన జవాబు కాగితం తీశాడు. పక్కనున్న లెక్కల మాస్టారుకు కన్నుగీటి, గొంతు సవరించుకుని, అందరికీ వినిపించేలా చదవడం మొదలుపెట్టాడు.

"మా వీధి దీపం వెలగదు. చెప్పడానికి వెళితే ఇది మా పరిధి కాదంటారు. ఎవరి పరిధో చెప్పరు." లెక్కల మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆసుపత్రి దుప్పట్లు ఉతికేవాళ్ళకు జ్వరం వస్తే, అదే ఆసుపత్రిలో చూపించుకోవడానికి సెలవు దొరకదు." మళ్ళీ నవ్వులు. "మా అమ్మ చెయ్యి పొయ్యి దగ్గర కాలలేదు. రోలరుకు అడ్డంగా ఉండే రేకు ఊడిపోయినందుకు కాలింది. మా అమ్మకు నోరెక్కువని అందరూ అంటారు. రేకు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పోతుందని భయం."

మైకక్క గబుక్కున కొంగు చేతి మీదికి లాక్కుంది. పొయ్యి దగ్గర కాలిందని పిల్లకు చెప్పింది తనే. పిల్ల నమ్మిందనుకుంది. ఇంతమంది ముందు తన భయాన్ని నవ్వుతూ చదువుతుంటే ఆమెకు ఒళ్ళంతా మండిపోయింది. ఆ కాగితం లాక్కుని ఆయన మొహాన కొట్టాలనిపించింది. కానీ సర్టిఫికెట్ ఆ చేతిలోనే ఉంది.

"ఇందులో అబద్ధం ఏముంది మాస్టారూ?" అంది.

"అబద్ధమని ఎవరన్నారమ్మా? మేం అడిగింది అది కాదు."

"మరి అది ఎప్పుడడుగుతారు?"

ఆయన కాగితం మడిచి కింద పెట్టాడు.

"అది సిలబస్‌లో లేదు. వచ్చే ఏడు మళ్ళీ రాయించండి."

ఎంత బతిమాలినా ఆయన మార్కులు మార్చలేదు. హెడ్మాస్టరు నిబంధన అన్నాడు. శిక్షణ సీటు ఇంకొకరికి పోయింది. ఏడాదిపాటు పిల్లను ఊరికే కూర్చోబెట్టి మేపే తాహతు ఆ ఇంటికి లేదు కనక, మైకక్క తనే సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడి కూతుర్ని లాండ్రీలో పెట్టించింది. తను పట్టుకున్న దుప్పటికి అవతలి కొస ఇప్పుడు కూతురు పట్టుకుంటోంది.

మాస్టారు బోర్డు మీద రాసిన జవాబులన్నీ పిల్ల చేత అక్కడే వల్లె వేయించేది. తప్పితే ఊరుకునేది కాదు.

"వాళ్ళు చెప్పిందే రాయి. మన సంగతి ఒక్కటి రాశావో, చంపేస్తాను."

"సరేనమ్మా."

"ఊఁ, కానియ్యి."

పిల్ల దుప్పటి లాగుతూ అందుకుంది. "చట్టాన్ని గౌరవించవలెను. పన్నులు సకాలములో చెల్లించవలెను. అన్యాయము జరిగిన చోట నిర్భయముగా ప్రశ్నించవలెను..."

మైకక్క ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది.

"మెల్లగా చదవవే. సూపర్‌వైజరు వింటాడు."

పిల్ల గొంతు తగ్గించింది. మరుసటేడు పౌరుని బాధ్యతల ప్రశ్నకు దానికి నిండా మార్కులొచ్చాయి.