అమ్మ ఏరిన తుమ్మబంక

మాది సిరుగుప్ప తాలూకా హచ్చొళ్ళి. నా రెండు కాన్పులకూ అమ్మ కాలువ గట్టున తుమ్మబంక ఏరుకొచ్చి, నేతిలో వేయించి, బెల్లంతో ఉండలు కట్టి తినిపించింది. అమ్మ పోయినంక ఒక డబ్బాలో కొంచెం బంక మిగిలింది.

రెండేండ్ల కింద మా మహిళా సంఘం ఆ ఉండలు చేసి అమ్మాలనుకుంది. బంక తినేకి పనికొస్తాదో లేదో ముందు పరీక్ష చేయించాలన్నారు. అది వానాకాలం, చెట్లకు బంక రాదు. ఉండేది అమ్మ డబ్బా ఒకటే. మండీలో షావుకారు పిడికెడు వడ్లు తీసి చూసి, మళ్ళీ సంచిలోనే పోస్తాడు. ఇదీ అట్లే అనుకుని, బళ్లారి ల్యాబులో డబ్బా మొత్తం ఇచ్చి వచ్చినాను.

పది దినాలకు మళ్ళీ పోతే, ఆడుండే సారు రిపోర్టూ, ఖాళీ డబ్బానూ నా చేతిలో పెట్టినాడు.

"బంక యాడ సార్?"

"పరీక్షకే అయిపోయిందమ్మా. పొడి చేసి, కరిగించి, కాల్చి చూస్తాం కదా. ఏం దోషం లేదు, ధైర్యంగా తినొచ్చు."

"ఏం తినేదప్పా, ఇంక యాడుండాది?" అని అందరి ముందరా గట్టిగా ఏడ్చేసినాను. ఆయన పాపం ఏం తోచక తన కుర్చీ నాకిచ్చి నిలబడినాడు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

ఇప్పుడు ఎండాకాలం వస్తే సంఘం ఆడోళ్ళమే బంక ఏరుతాండాం. ఆ డబ్బాలోనే పోస్తాండాను. మంచిదేనని కాగితం ఉండాది. అయినా మూత తీసినప్పుడల్లా ముందు వాసన చూస్తాను, అమ్మది ఏమన్నా మిగిలిందేమోనని.