తడి గోనెసంచి

ఈ సంగతి నేను ఎప్పుడు ఎత్తినా ఇంట్లో ఎవరికో ఒకరికి ఏదో పని గుర్తొస్తుంది. మొన్న మా కోడలు కూడా "మళ్లా కుక్క ముచ్చటేనా మామయ్యా?" అని నవ్వుతూ లేచి వెళ్లింది. అందుకే రాస్తున్నాను. చదివేవాళ్లు మధ్యలో లేచి వెళ్లినా నాకు కనబడదు. నిన్న మధ్యాహ్నం నాచారంలో చెరకురసం బండి దగ్గర ఆగాను. బండివాడు ఐసుగడ్డకు చుట్టిన గోనెసంచి విప్పి కింద పడేశాడు. ఎక్కడి నుంచో ఒక కుక్క వచ్చి, దాని మీద ఒక చుట్టు తిరిగి, పొట్ట ఆనించి పడుకుంది. గ్లాసులో ఐసు కరిగిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

తెలంగాణ రాకముందు, ఫ్యాక్టరీల వెనక మా గల్లీలో అన్నీ రేకుల ఇళ్లే. ఎండాకాలం నడినెత్తిన పెనం బోర్లించినట్టుండేది. మా వదిన గిన్నెలు తోమడం అయ్యాక బియ్యం కడిగిన నీళ్లతో ఒక గోనెసంచి తడిపి, గట్టిగా దులిపి గడప ముందు పరిచేది. అది మనుషులకు కాదు, ఎర్రదానికి. ఎర్రది ఏ ఇంటి కుక్కా కాదు, గల్లీ కుక్క. వదినను చూసి అందరూ అదే అలవాటు చేసుకున్నారు. పొద్దున ఇటు వరుసలో నీడ, సాయంత్రం అటు వరుసలో నీడ. నీడతోపాటు అదీ ఒక సంచి మీది నుంచి ఇంకో సంచి మీదికి మారేది. సంచి దులిపిన చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా వచ్చేది. "జర జరుగవే తల్లీ" అంటే తోక ఒక్కటే జరిపేది. మిగతా కుక్కను మనం దాటుకుని పోవాలి. షిఫ్టుకు పోయే మా అన్నను రోజూ ఫ్యాక్టరీ గేటు దాకా దిగబెట్టి వచ్చేది. నేను హెల్మెట్ పెట్టుకుంటే మాత్రం గుర్తుపట్టక మొరిగేది. ఆ అవమానం నేనింకా మరిచిపోలేదు.

రాష్ట్రం వచ్చే ముందు ఎండాకాలంలో మున్సిపాలిటీ కుక్కల బండి వచ్చింది. వల పట్టుకుని దిగినవాళ్లను చూసి వదిన అడ్డం పోయింది. బండి డ్రైవరు నెమ్మదిగానే చెప్పాడు: "ఏం కాదక్కా, ఆపరేషన్ జేసి, చెవి కొస జర కత్తిరించి మళ్లా ఈడనే ఇడ్సిపెడ్తం." వదిన నమ్మింది. "అయితే వల ఎయ్యకు తమ్మీ, బెదురుతది. నేనే ఎక్కిస్త" అంది. ఇంట్లోకి పోయి సంచి తడిపి తెచ్చి, బండి తలుపు దగ్గర దులిపి లోపల పరిచింది. ఎర్రది తనంతట తానే ఎక్కి, ఒక చుట్టు తిరిగి పడుకుంది. "మీ కుక్కకు మస్తు మర్యాదుందక్కా" అని డ్రైవరు తలుపు వేశాడు.

ఎర్రది తిరిగి రాలేదు. వదిన రోజూ ఇంకో సంచి తడిపి పరుస్తూనే ఉంది. దాని మీద వేరే కుక్క వచ్చి పడుకుంటే లేపేది కాదు. వంగి చెవి కొస కత్తిరించి ఉందా అని చూసేది. నేను ఆ బండి పంపిన ఆఫీసుకు పోయి అడిగాను. కుర్చీలో ఉన్నాయన నవ్వాడు. "ఏందన్నా, కుక్కకు ఇంటి నంబరుంటదా?" "ఉంటది, రాసుకో, మాదే" అన్నాను. రాసుకోలేదు. ఇంకోసారి పోతే "చెంగిచెర్ల దిక్కు ఇడిసినట్టున్రు" అన్నాడు. వదిన తడిసంచి చంకలో పెట్టుకుని ఆటో ఎక్కింది. నేనూ వెంట పోయాను. అక్కడ ఇంకా కట్టని ప్లాట్ల మధ్య నిలబడి దులిపింది. ఏవేవో కుక్కలు దూరం నుంచి చూశాయి గానీ ఒక్కటీ దగ్గరికి రాలేదు. ఆటోలో తిరిగొస్తూ ఉప్పల్ దాకా సంచి మడత పెడుతూ విప్పుతూ కూర్చుంది. తర్వాత అంది: "వలేసి గుంజుకపోయినా పాయె. అది నన్ను జూసి ఎక్కింది."

రాష్ట్రం వచ్చిననాడు గల్లీ అంతా రంగులు చల్లుకుంది. వదిన చెంపల నిండా గులాలుతో నా దగ్గరికి వచ్చి "ఇగ మన రాజ్యమే గద, ఇప్పుడు పోయి అడుగు" అంది. పోయాను. అదే కుర్చీ, అదే మనిషి. నన్ను చూసి "ఇంకా దొరకలేదా అన్నా?" అని నన్నే అడిగాడు.

ఇప్పుడా గల్లీలో అపార్ట్‌మెంట్లు లేచాయి. సంచి పరవడానికి నేల మీద గడపే లేదు. వదిన పోయింది. కుక్కలు ఎన్నేళ్లు బతుకుతాయో నాకు తెలుసు, ఎర్రదీ ఎక్కడా ఉండదు. కొన్నేళ్లు ఊరుకుంటే అడిగేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతారని ఆ ఆఫీసుకు ధైర్యం. కాలం వాళ్ల పనే చేసిపెడుతోంది. కానీ నేనొక్కణ్ని మిగిలాను. ఆ బండి నడిపిన తమ్మీ, మాట ఇచ్చింది నువ్వు. ఆఫీసు చెప్పకపోతే నువ్వైనా చెప్పు. దాన్ని ఎక్కడ దించినవ్? దించేటప్పుడు ఆ సంచన్నా దానికి ఇడ్సిపెట్టినవా?